బయటికి దారి లేని మూడు కంప్యూటర్లు

నాకు కోపం ఎక్కువ. ఎవరో అనడం కాదు, నేనే ఒప్పుకుంటున్నాను. ఎంసీఏ పట్టా చేతికొచ్చిన ఏడాది, ఏలూరికి దక్షిణంగా కొల్లేటి వైపున్న ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో ఆరు నెలల పనికి కుదిరాను. అడుగుపెట్టిన మొదటి గంటలోనే ఆ కోపం బయటపడింది.

డాక్టర్ గారు పెద్దాయన. నాలాంటి పిల్లనీ 'మీరు' అనే పిలిచేవారు. టీ తెప్పించి, నేను తాగేదాకా ఆగి, మెల్లగా చెప్పారు. "మన దగ్గర మూడు కంప్యూటర్లున్నాయండి. చీటీ కౌంటర్లో ఒకటి, మందుల గదిలో ఒకటి, నా గదిలో ఒకటి. వాటిని ఒకదానికొకటి కలుపుకోండి. బయటికి మాత్రం కలపొద్దు. ఇంటర్నెట్ వద్దండి."

"ఫోను లైను ఉంది కదండీ. మోడెం ఒక్కటి పెడితే చాలు."

"ఉందండి. అయినా వద్దు."

"మరి సాఫ్ట్‌వేర్ ఎలా రాయమంటారండీ? ఏం కావాలన్నా నెట్‌లోంచే దించుకోవాలి. ఏదైనా అర్థం కాకపోతే అడగాలన్నా నెట్టే. కాళ్ళు కట్టేసి పరిగెత్తమంటే ఎలాగండీ?"

ఆ చివరి మాట గట్టిగానే అన్నాను. బయట బల్ల మీద కూర్చున్న రోగులు తలతిప్పి చూశారు. ఆయన మాత్రం గొంతు పెంచలేదు. "ఇక్కడికొచ్చేవాళ్ళలో చాలామంది టీబీ మందు కోసం వస్తారండి. ఆ పేరు బయటికి పొక్కితే చెరువుల మీద వాళ్ళ పని పోతుంది. పోయిన ఏడాది ఒకాయన్ని, నువ్వు దగ్గుతున్నావు, చేపలకి మేత కలపొద్దని పంపించేశారు. ఆయన పేరు మన దగ్గర్నించే పొక్కింది. అప్పట్నుంచీ భయం నాకు. ఆ పేర్లన్నీ ఉండే చోటికి బయటినుంచి దారి పెట్టలేనండి."

అలాగేనండి అని లేచాను. చేస్తానని ఒప్పుకున్నాక చెయ్యకపోతే నాకు అన్నం సయించదు. అదీ నా రోగమే.

ఇది రెండు వేల నాలుగు, అయిదు ప్రాంతాల మాట. నేను రాయాల్సింది పెద్ద సాఫ్ట్‌వేరేమీ కాదు. టీబీ మందు వారానికి మూడు రోజులు, సోమ బుధ శుక్రవారాల్లో, నర్సు కళ్ళెదుట మింగాలి. అలా ఆరు నెలలు. నెల తిరిగేసరికి దగ్గు తగ్గుతుంది, జ్వరం పోతుంది, ఆకలి పుడుతుంది. అక్కడే ఉంది మోసం. బాగైపోయానని మానేస్తారు. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబడుతుంది, రెండోసారి అదే మందుకి లొంగదు. అందుకని మందు రోజు సాయంత్రానికల్లా ఎవరు రాలేదో తెలియాలి. మర్నాడు పొద్దున్నే వాళ్ళింటికి కబురు వెళ్ళాలి.

ఆ పని ఇన్నేళ్ళుగా చేస్తున్నది సిస్టర్ గారు. అక్కడి పెద్ద నర్సుని అందరూ అలాగే పిలిచేవారు. ఎనభైమందికి పైగా రోగుల లెక్క ఆవిడ తలలో ఉండేది. సాయంత్రం నాలుగింటికి స్టూలు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, "గేదెలాయన రాలేదు. చర్చి పక్క ముసలమ్మ రాలేదు. రైస్ మిల్లు కుర్రాడు రాలేదు" అని అప్పజెప్పేవారు. పేషెంట్ల కార్డుల మీద టిక్కులు కూడా ఆ తర్వాతే, ఆ జ్ఞాపకంతోనే పెట్టేవారు. మర్నాడు ఆసుపత్రి మనిషి ఆ ఇళ్ళకి సైకిలు మీద వెళ్ళేవాడు. ఆవిడ అయిదు నెలల్లో రిటైర్ అవుతున్నారు. ఆవిడ వెళ్ళిపోయాక రానివాళ్ళ గురించి ఎవరు అడుగుతారన్నదే డాక్టర్ గారి దిగులు. ఆ జాబితా రోజూ కంప్యూటర్లోంచి రావాలి. అంతే నా పని.

సిస్టర్ గారికి నా పని మీద ఏ మాత్రం నమ్మకం లేదు. "ఆ డబ్బాకి మనుషులు తెలుస్తారా అమ్మాయ్?" అని నవ్వేవారు. ఒళ్ళు మండేది. కానీ ఆవిడ ఇంట్లోనే నా మకాం, ఆవిడ వండిన చేపల పులుసే నా భోజనం. తింటూ ఏం పోట్లాడతాను?

మొదటి నెలంతా బస్సుల్లోనే గడిచింది. ఖర్చు లేకుండా దొరుకుతుందని విండోస్ బదులు లినక్స్ ఎంచుకున్నాను. అందులో ఏ ప్రోగ్రాము పెట్టుకోవాలన్నా దాని ప్యాకేజీ, అంటే ఆ ప్రోగ్రాము ఫైళ్ళ మూట, కావాలి. గంట ప్రయాణం చేసి ఏలూరు వెళ్ళి, బస్టాండు దగ్గర నెట్ సెంటర్లో కూర్చుని, దాన్ని పెన్ డ్రైవ్‌లోకి దించుకుని, మళ్ళీ గంట ప్రయాణం చేసి వచ్చి కంప్యూటర్లో పెట్టేదాన్ని. అది పెట్టగానే, నేను పని చెయ్యాలంటే ఇంకో ప్యాకేజీ కావాలనేది. మళ్ళీ ఏలూరు. ఆ రెండోది తెస్తే అది ఇంకో మూడు అడిగేది. గోచీ కోసం పిల్లినీ, పిల్లి కోసం ఆవునీ తెచ్చుకున్న సన్యాసి కథలా ప్రతిదానికీ ఇంకొకటి. నెట్ సెంటరాయన నన్ను చూడగానే "రండి మేడమ్, ఇవాళ ఏం మర్చిపోయారు?" అని పలకరించడం మొదలెట్టాడు.

ఒకసారి ఆ పెన్ డ్రైవ్‌తో పాటు వైరస్ కూడా తెచ్చాను. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడమంటే అదే. చీటీ కౌంటర్ కంప్యూటర్ అప్పటికింకా పాత పద్ధతిలోనే, విండోస్ మీదే నడుస్తోంది, అది రెండు రోజులు మూలపడింది. ఆ రెండు రోజులూ డాక్టర్ గారు చీటీలు చేత్తోనే రాయించారు. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం భోజనం దగ్గర కంచం తోసేశాను. "నావల్ల కాదండి. ఏది కావాలో ముందే తెలిస్తే ఒక్కసారే తెచ్చుకుంటాను. తీరా అక్కడిదాకా వెళ్ళొచ్చాక ఇంకోటి కావాలంటే ఏం చెయ్యను?"

సిస్టర్ గారు కంచం మళ్ళీ నా ముందుకి జరిపారు. ఆవిడ పుట్టింది కొల్లేటి లంకలో. వానలు ముదిరితే దారి మునిగిపోయే ఊరు. "మా లంకలో ముంపుకి ముందు ఏం చేస్తామో తెలుసా? ఉప్పు అయిపోయిందని ఒకసారి, అగ్గిపెట్టె లేదని ఒకసారి దోనె వేసుకుని ఏలూరు వెళ్ళం. ఏది అయిపోతుందో ఎవరికి తెలుసమ్మా? అందుకని అన్నీ ముందే తెచ్చి అటక మీద పడేస్తాం. కిరసనాయిలు, చింతపండు, జ్వరం బిళ్ళలు, దారపు ఉండ, సూది. వాడితే వాడతాం, లేకపోతే లేదు. నీకు దారి లేదని తెలిసినప్పుడు ఏది కావాలని ఆలోచిస్తావేంటి? అన్నీ తెచ్చుకో."

ఆవిడకి ప్యాకేజీ అంటే ఏమిటో తెలియదు. కానీ నాలుగు వారాలుగా నా బుర్రకి తట్టనిది ఒక్క మాటలో చెప్పారు. నాకు నా మీదే కోపమొచ్చింది, ఆ తర్వాత నవ్వొచ్చింది. ఆ పూట రెండుసార్లు అన్నం వడ్డించుకున్నాను.

ఆ శనివారం రైలెక్కి మా ఊరు తాడేపల్లిగూడెం వెళ్ళాను. నేను చదివిన కాలేజీలో ల్యాబ్ చూసే మాస్టారి దగ్గర లినక్స్‌కి సంబంధించిన ప్యాకేజీలన్నీ ఉన్న సీడీల కట్ట ఉంది. పద్నాలుగు సీడీలు. ఆదివారమైనా నాకోసం ల్యాబ్ తలుపు తీసి, "ఇన్నీ ఎందుకమ్మా, నీకు కావాల్సినవి నాలుగే కదా?" అన్నారాయన. "ఆ నాలుగు ఏవో తెలీదండి, ముంపు వస్తోంది" అన్నాను. వింతగా చూసి, ఖాళీ సీడీలు ఆయనే ఇచ్చారు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా కాపీ చేసి, వాటిని చీర మడతల్లో పెట్టి సోమవారం ఆసుపత్రికి తెచ్చాను.

మందుల గదిలోని కంప్యూటర్లోకి ఆ పద్నాలుగూ ఎక్కించాను. మిగతా రెండూ ఏది కావాలన్నా దాన్నే అడిగేలా చేశాను. పాత పద్ధతిలో నడుస్తున్న కౌంటర్ కంప్యూటర్ని కూడా ఇటు మార్చేశాను. ఆ తర్వాత ఒక ప్యాకేజీ ఇంకోటి అడిగితే, ఆ ఇంకోటి మూడు అడిగితే, అన్నీ గోడకి కొట్టిన కేబుల్లోంచే నిమిషంలో వచ్చేవి. మొదటిసారి అలా వచ్చినప్పుడు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. మందుల గదిలో ఉన్నవాళ్ళు ఎవరికో కవలలు పుట్టారనుకున్నారట.

అక్కణ్ణుంచి పని పరుగెత్తింది. అడగడానికి ఎవరూ లేరు కాబట్టి సీడీల్లోనే ఉన్న పుస్తకాలు అచ్చు వేసుకుని చదివేదాన్ని. ఏదైనా తప్పొస్తే నా రాతంతా మొదటినుంచీ వరసగా చదువుకోవడమే గతి. ఓర్పు లేని నాకు అది నరకం. అయినా చేశాను. మూడో నెల చివరికి ప్రోగ్రాము నడిచింది. రోగి రాగానే కౌంటర్లో ఉండే ఆయన నంబరు కొడతాడు. సాయంత్రం నాలుగింటికి, ఆ రోజు రావాల్సి ఉండీ నంబరు పడని వాళ్ళ పేర్లు కాగితం మీద వస్తాయి.

డాక్టర్ గారు ఒక షరతు పెట్టారు. సిస్టర్ గారు అప్పజెప్పే పేర్లూ, కాగితం మీద పేర్లూ వరసగా రెండు వారాలు సరిపోతేనే కాగితాన్ని నమ్ముతారట. న్యాయమే అనిపించింది. ఆ ఆసుపత్రిలో ఆవిడ జ్ఞాపకాన్ని మించిన రుజువు ఇంకేముంది?

మొదట్లో ఒక్కరోజూ సరిపోలేదు. ఆవిడ నలుగుర్ని చెబితే కాగితం తొమ్మిదిమందిని చూపించేది. వెతికితే, తేదీలు చూసే ప్యాకేజీ నెలను ముందు, రోజును వెనక చదువుతోంది. దాన్ని సరిచేశాను. పండగ సెలవు రోజున అందర్నీ రానివాళ్ళ కింద వేసింది. అదీ సరిచేశాను. ప్రతిసారీ సిస్టర్ గారిదే గెలుపు. "ఏమ్మాయ్, మళ్ళీ తప్పిందా మీ డబ్బా?" అని కొంగుతో మూతి తుడుచుకునేవారు. ప్రతిసారీ నేను తలదించుకుని వెళ్ళి దిద్దుకునేదాన్ని. ఓడిపోయి ఓడిపోయి నాకొకటి అలవాటైపోయింది. తేడా వచ్చిందంటే తప్పు నాదే.

వానలు పట్టి, ఆవిడ రిటైర్‌మెంటు ఇంకో మూడు వారాల్లో ఉందనగా, ఒకే ఒక్క పేరు దగ్గర తేడా మిగిలింది. ఆ సోమవారం ఆవిడ ముగ్గురన్నారు, కాగితం నలుగురంది. నాలుగో మనిషి ఒక చేపల చెరువు మీద కాపలా ఉండే ఆయన. నలభై ఏళ్ళుంటాయి. చీటీ కౌంటర్ తెరవకముందే వచ్చి బల్ల చివర కూర్చుని, మందు మింగి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయే మనిషి.

"ఆయన రాకపోవడమేంటి? పొద్దున్నే వచ్చాడు. నీళ్ళు నేనే పోశాను" అన్నారు సిస్టర్ గారు.

కౌంటరాయన్ని అడిగాను. "వచ్చినవాళ్ళందర్నీ కొట్టానండి. ఏమో మరి, రద్దీగా ఉంది" అని నసిగాడు. సిస్టర్ గారి మాటకి ఎదురుచెప్పే ధైర్యం ఆయనకీ లేదు. బుధవారం మళ్ళీ అదే పేరు. శుక్రవారం మళ్ళీ అదే. నాకు పిచ్చెక్కిపోయింది. తేదీల ప్యాకేజీ మీదే నా అనుమానం. నా సీడీల్లో ఉన్నది పాతది. శనివారం ఏలూరు వెళ్ళి నెట్ సెంటర్లో మూడు గంటలు వెతికి, కొత్తది తెచ్చి పెట్టాను. సోమవారం మళ్ళీ ఆ నాలుగో పేరు నా మొహాన కొట్టింది.

అప్పుడు చేశాను ఆ పని. ఇప్పటికీ తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. ప్రోగ్రాములో ఒక వాక్యం చేర్చాను. సాయంత్రం సిస్టర్ గారు చెప్పిన పేర్లు నేను కంప్యూటర్లో వేస్తాను. కౌంటర్ లెక్కకీ ఆవిడ మాటకీ తేడా వస్తే ఆవిడ మాటే ఖాయం.

అలా రాస్తున్నప్పుడు అది తప్పని నాకు అనిపించలేదు సరికదా, గర్వంగా ఉంది. పెద్దావిడ అనుభవాన్ని ప్రోగ్రాములో కలిపాననుకున్నాను. డాక్టర్ గారు కూడా మెచ్చుకున్నారు. "బాగుందండి, మిషను ఎప్పుడూ మనిషికి లొంగి ఉండాలి" అన్నారు. ఆ రోజునుంచి కాగితం, ఆవిడ మాట అక్షరం పొల్లుపోకుండా సరిపోయాయి. ఎందుకు సరిపోవు? సరిపోయేలా చేసింది నేనే కదా!

అలా బుధవారం, శుక్రవారం, మళ్ళీ సోమవారం గడిచాయి. ఆవిడ రిటైర్‌మెంటుకి నాలుగు రోజులుందనగా, మంగళవారం పొద్దున, మందుల పెట్టెల మీద కంప్యూటర్ నంబర్లు అంటించే పని పెట్టుకున్నాను. ఒక్కో రోగికి ఒక్కో అట్టపెట్టె, ఆరు నెలల మందూ ముందే అందులో ఉంటుంది. వచ్చినప్పుడల్లా ఆ రోజు మాత్రలు చింపి ఇస్తారు. పెట్టెలు దించడం, చీటీ అంటించడం, మళ్ళీ సర్దడం. అందరివీ వరసగా చేస్తున్నాను. కాపలాయన పెట్టె చేతిలోకి తీసుకోగానే బరువు తేడాగా తోచింది. ఆయనతో పాటు అదే రోజు మందు మొదలెట్టి, ఒక్కరోజూ తప్పని ఇంకో ముసలమ్మ పెట్టె పక్కనే ఉంది. మూత తీసి రెంటినీ పక్కపక్కన పెట్టి లెక్కపెట్టాను. ముసలమ్మకంటే ఆయనకి ఏడు రోజుల మందు ఎక్కువ మిగిలింది.

ఏడు రోజుల మందు. అంటే మూడు సోమవారాలు, రెండు బుధవారాలు, రెండు శుక్రవారాలు. నా కాగితం మొదటిసారి ఆయన పేరు చూపించిన రోజునుంచి నిన్నటిదాకా. అక్కడే నేలమీద కూర్చున్నాను. నా ప్రోగ్రాము సరిగ్గానే చెప్పింది. నాలుగుసార్లు చెప్పింది. వినకపోగా దాని నోరు నొక్కేశాను.

నిజం చెప్పాలంటే ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది. నోరు మూసుకుని ఆ వాక్యం తీసేస్తే బుధవారం కాగితంలో ఆయన పేరు మామూలుగా వచ్చేస్తుంది. నాలుగు రోజుల్లో సిస్టర్ గారు గౌరవంగా వెళ్ళిపోతారు, నా తప్పూ బయటపడదు. ఎంతసేపు అలా అనుకున్నానో తెలియదు. ఆ తర్వాత నా మీద నాకే అసహ్యం వేసింది. లేచి వెళ్ళి ఆ వాక్యం తీసేశాను. పెట్టెలు రెండూ పట్టుకుని వార్డులోకి నడిచాను.

"సిస్టర్ గారండీ, ఒక్కసారి ఇవి చూడండి" అని మాత్రం అనగలిగాను.

ఆవిడ చూశారు. లెక్కపెట్టారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టారు. మూడోసారి లెక్కపెట్టి స్టూలు మీద కూలబడ్డారు. నన్ను తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నీళ్ళు పోసినట్టు ఇప్పటికీ కళ్ళకి కనబడుతోందమ్మాయ్" అన్నారు. "నాలుగు నెలల్లో ఒక్కరోజు తప్పలేదు ఆయన. రోజూ అదే బల్ల, అదే చివర. నేను తప్పించుకునేవాళ్ళనే కదా గుర్తుపెట్టుకునేది? వాళ్ళు వచ్చారా లేదా అనే నా ధ్యాసంతా. ఎప్పుడూ వచ్చేవాణ్ణి ఎవరు చూస్తారు? వచ్చే ఉంటాడనుకుని వచ్చినట్టే టిక్కు పెట్టేశాను."

"తప్పు నాదండి. కాగితం చెబుతూనే ఉంది. నేనే మీ మాట మీద..."

"నీ తప్పు నువ్వు తర్వాత ఏడుద్దువుగాని. ముందు పద."

సంచిలో ఆ పెట్టె, ఒక సీసాడు నీళ్ళు పెట్టుకుని అప్పటికప్పుడు బయల్దేరారు. రోడ్డు మునిగిన చోట దోనె ఎక్కాం. చెరువుల మధ్య గట్ల మీద బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాం. ఆ వయసులో ఆవిడ ఎక్కడా ఆగలేదు, నేనే రెండుచోట్ల జారిపడ్డాను. మధ్యలో ఎవరు ఎదురైనా "బీపీలు చూడ్డానికొచ్చామండి" అని చెప్పారు. ఆ హడావుడిలో కూడా ఆయన జబ్బు పేరు ఆవిడ నోటినుంచి బయటికి రాలేదు.

కాపలా పాక ముందు వల బాగుచేసుకుంటూ కూర్చునున్నాడాయన. మమ్మల్ని చూసి కంగారుగా లేచాడు. లేవగానే దగ్గు తెర వచ్చింది. మందుతో ఎప్పుడో పోయిన దగ్గు. సిస్టర్ గారు ఆయన కుదురుకునేదాకా ఆగి, పక్క పాకలోవాళ్ళకి వినపడకుండా అడిగారు.

"ఏం నాన్నా, రావడం మానేశావు?"

"ఆ సోమవారం మా చెరువు పట్టుబడండి. లారీలొచ్చాయి, చేపలు ఎత్తేదాకా కదలనివ్వలేదండి. బుధవారం వద్దామంటే మీరు కోప్పడతారని జంకానండి. ఎలాగూ కబురు పెడతారు కదా, అప్పుడు వెళ్దాంలే అనుకున్నానండి."

"మరి?"

ఆయన తలదించుకున్నాడు. "కబురు రాలేదండి. గేదెలాయనకి పెట్టారు. మిల్లు కుర్రాడి కోసమైతే రెండుసార్లు వచ్చారంట. నా కోసం ఎవరూ రాలేదండి. రెండు వారాలు చూశాను. ఇంక నాకు నయమైపోయినట్టుంది, అందుకే అడగట్లేదనుకున్నానండి."

ఆ కబురు ఆపింది నేను. ఎవరూ అడగకపోవడాన్ని ఆయన డాక్టర్ మాటగా తీసుకున్నాడు. గట్టు మీద అటు తిరిగి ఏడ్చేశాను, దాచుకోవాలని కూడా తోచలేదు.

సిస్టర్ గారు ఏడవలేదు. పెట్టె తీసి, ఆ రోజు మందు చింపి, ఆయన చేతిలో వేసి, సీసా మూత తీసి నీళ్ళు పోశారు. మింగేదాకా నోటివంకే చూశారు. "తప్పు నాదే నాన్నా. నిన్ను అడగలేదు. డాక్టర్ గారు మళ్ళీ కఫం తీసి గళ్ళ పరీక్ష చేస్తారు, మందు పొడిగిస్తారేమో, రేపు రా. ఇకమీదట అడుగుతాం. నువ్వు విసుక్కున్నా అడుగుతాం" అన్నారు.

తిరిగొచ్చాక ఇద్దరం కలిసే డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళాం. నేను చేర్చిన వాక్యం గురించి నేను చెప్పాను, జ్ఞాపకంతో పెట్టిన టిక్కుల గురించి ఆవిడ చెప్పారు. "నేను కూడా మెచ్చుకున్నాను కదండీ" అన్నారాయన.

మర్నాడు, బుధవారం, కాపలాయన వచ్చాడు. పరీక్షలో జబ్బు తిరగబడలేదని తేలింది, మందు మాత్రం పొడిగించారు. ఆ సాయంత్రం నాలుగింటికి సిస్టర్ గారు కళ్ళు మూసుకోలేదు, పేర్లు అప్పజెప్పలేదు. కాగితం తెమ్మని చెయ్యి చాపారు. మొత్తం చదివి నాకు తిరిగి ఇచ్చారు. "దీని కింద ఇంకో అయిదు పేర్లు వచ్చేలా చెయ్యగలవా అమ్మాయ్? ఒక్కరోజు కూడా తప్పనివాళ్ళవి. రోజుకో అయిదుగురివి, మార్చి మార్చి. వాళ్ళ పెట్టెల్లో మాత్రలు లెక్క చూడాలి."

ఆ రెండు రోజులూ కూర్చుని రాశాను. శుక్రవారం, ఆవిడ ఉద్యోగానికి ఆఖరి రోజు, కాగితం కింద ఆ అయిదు పేర్లు మొదటిసారి వచ్చాయి. కౌంటరాయన ఆ అయిదింట్లో మొదటి పేరు చూసి, "ఈవిడ రోజూ వస్తుంది కదండీ, ఇవాళ కూడా నేనే నంబరు కొట్టాను" అన్నాడు.

"అందుకే. ముందు ఆవిడ పెట్టె దించండి" అన్నారు సిస్టర్ గారు.